కరెంటన్నకూ మూడుపిలుపుల మల్లికీ వియ్యం

మా చిన్నప్పుడు సారపాకలో ఏ బొమ్మల కథకీ చివరి పేజీ ఉండేది కాదు...

మా నాన్న పేపరు మిల్లులో కాంట్రాక్టు పనికి పోయేవాడు. గుజ్జు చేయడానికి లారీల్లో వచ్చే చిత్తుకాగితాల్లో బొమ్మల పుస్తకాలేవైనా కనిపిస్తే, మేస్త్రీని అడిగి నా కోసం తెచ్చేవాడు. ముసుగు వీరులు, ఎగిరే వీరులు... అన్నీ సగం సగమే. విలన్ చెయ్యి ఎత్తాడంటే ఇక అంతే, ఆ తర్వాతి పేజీ ఎక్కడో గుజ్జయిపోయి ఉండేది.

ఆ చివరలు మేమే రాసుకునేవాళ్లం. మేమంటే నేనూ, జోగమ్మా. వాళ్లది అడవంచు గూడెం. వాళ్ల నాన్న మిల్లుకు జామాయిల్ చెట్లు నరికే పనికి వచ్చి మా వాడకు దగ్గర్లోనే గుడిసె వేసుకున్నాడు. ఆరో తరగతిలో నా పక్కనే కూర్చునేది. మాటలు తక్కువ. బొమ్మలు మాత్రం... అబ్బ, చూస్తే కళ్లు తిప్పుకోలేం.

కొన్నాళ్లకు ఎవరి వీరుణ్ని వాళ్లం పుట్టించుకున్నాం. నా వీరుడు కరెంటన్న. తీగల్లోంచి ఏ ఇంట్లోకైనా దూరి వచ్చేవాడు. కరెంటు పోతే పాపం ఉత్త మనిషే.

జోగమ్మది మూడుపిలుపుల మల్లి. అడవిలో మనకు తెలిసినవాళ్ల గొంతుతో పిలిచేది ఒకటుంటుందట. పలికామా, మన రూపంలో అదే ఇంటికొస్తుందట. కానీ దానికి ఒక్కసారి పిలవడమే వచ్చు. మనిషైతే మళ్లీ పిలుస్తాడు. అందుకే వాళ్లింట్లో మూడో పిలుపు దాకా ఎవరూ పలకరు. మల్లీ అంతే... మూడుసార్లు పిలిస్తే ఎంత దూరాన ఉన్నా వస్తుంది.

ఇద్దర్నీ ఒకే కథలో కలుపుదామన్నది నేనే. జోగమ్మ దానికో షరతు పెట్టింది.

"అయితే ఇది వియ్యం లెక్క," అంది. "మీవోడు మా అడవికొస్తే మా పద్ధతి. మా మల్లి మీ తీగలల్లకు వస్తే మీ పద్ధతి. ఎవలూ తక్కువ గావద్దు."

వీరుల్ని కలిపే కథల గురించి ఇన్నేళ్లలో ఇంతకన్నా మంచి మాట నేను వినలేదు. వియ్యమంటే అంతే కదా... ఒకరు పీట మీద, ఒకరు నేల మీద కూర్చుంటే అదేం పెళ్లి? పైగా ఒకరి అవసరం ఒకరికి ఉండాలి. తీగల్లేని అడవిలో కరెంటన్నకు మల్లి కావాలి. ఊళ్లోకొస్తే దారి తెలియని మల్లికి కరెంటన్న కావాలి.

వంద పేజీల నోటుబుక్కు. ఒక రోజు నేను రాస్తే ఒక రోజు తను. బాగానే నడిచింది... నా బుద్ధే గడ్డి తింది. చివరి పేజీ నేను రాస్తానని ఇంటికి తెచ్చుకున్నా. అడవిలో "కరెంటన్నా" అని మొదటి పిలుపు వినగానే మావాడు పలికేశాడు. ఒక్క మెరుపుతో ఆ పిలిచేదాన్ని మాడ్చేశాడు. మల్లి పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది. వియ్యపురాలికి విస్తరి వేయకుండా పంపడం అంటే ఇదే.

జోగమ్మ చదివింది. కోప్పడలేదు. దానికే నాకు భయమేసింది.

"ఒక్క పిలుపుకే పలికిండు గద," అంది నెమ్మదిగా. "ఇగ ఇంటికొచ్చినోడు కరెంటన్న కాదు."

నోటుబుక్కు తీసుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం మా ఇంట్లో కరెంటు పోయి వచ్చింది. బల్బు వెలిగిన తీరు నాకు నచ్చలేదు. తీగ వైపు చూడకుండా అన్నం తిన్నా. నేను పుట్టించిన వీరుడికి నేనే భయపడ్డానంటే నవ్వుతారు గానీ... నిజం.

మూడు రోజులు మాకు మాటల్లేవు. నాలుగో రోజు జోగమ్మ బడికి రాలేదు. అవి ఒంటిపూట బడి రోజులు. మిట్టమధ్యాహ్నం ఎండలో, జామాయిల్ దుంగలు పేర్చిన చోటు పక్కనుంచి ఒక్కదాన్నే ఇంటికొస్తున్నా. మనిషి అలికిడి లేదు. దుంగల వెనక నుంచి...

"చిట్టీ."

జోగమ్మ గొంతే. ఇంట్లోవాళ్లు కాక నన్నలా పిలిచేది తనొక్కతే. తప్పయిందని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఒక్కసారే కదా పిలిచింది... ఇంకో రెండు పిలుపులు రానీ అని నిలబడిపోయా. రెండో పిలుపు రాలేదు. వెనక్కి చూడకుండా ఇంటికి పరుగెత్తా.

మర్నాడు వాళ్ల గుడిసె ఖాళీ. పక్క గుడిసెలో ఉండే అవ్వను అడిగితే, ఇక్కడ పని అయిపోయిందని పినపాక దిక్కు పోయారని చెప్పింది. ఎప్పుడు పోయారని అడిగా.

"నిన్న మబ్బులనే పోయిండ్రు బిడ్డా."

మబ్బులనే అంటే తెల్లవారకముందే. మరి మధ్యాహ్నం పిలిచిందెవరు?

అవ్వ రోజులు కలిపేస్తుందిలే, పట్టించుకోకు అంది అమ్మ. అదే నిజమైతే జోగమ్మ చెప్పిపోదామని వచ్చింది, నేను పలకలేదు. మూడుసార్లు పిలవాలని తనకు తెలియదా అనుకుంటా... అలిగిన మనిషి మూడుసార్లు పిలుస్తుందా అనీ అనుకుంటా. ఇన్నేళ్లూ ఈ రెంటి మధ్యే ఉన్నా.

నాకిమ్మని నోటుబుక్కు అవ్వ దగ్గర పెట్టి పోయింది. నేను రాసిన చివరి పేజీ చింపేసి ఉంది.

ఇప్పుడు మా పిల్లలు ఒకే తెర మీద పదిమంది వీరుల్ని చూస్తున్నారు. ఎవరు ఎవర్ని కొడతారన్నదే గోల... ఎవరింటి పద్ధతి ఏమిటని ఎవరూ అడగరు. చివర ఏమవుతుందో మాత్రం అందరికీ ముందే తెలుసు.

పోయిన వారం ఇక్కడ మా బడి ఫొటో ఒకటి పెట్టాను, చూసే ఉంటారు. దాని కింద, ముఖం లేని ఖాతా నుంచి ఒక్క మాట వచ్చింది. "చిట్టీ." ఆ పేరు మీలో ఎవరికీ తెలియదు. అమ్మానాన్నలు పోయాక నన్నలా పిలిచేవాళ్లు లేరు. వారం నుంచి చూస్తున్నా... రెండో పిలుపు రాలేదు.

మీరూ చిన్నప్పుడు పలకకుండా వదిలేసిన పిలుపు ఏదైనా ఉంటే కింద రాయండి. వాళ్ల పేరు మాత్రం మూడుసార్లు రాయండి... పిలిచేది మనిషేనని తెలుస్తుంది.

నేను మాత్రం ఈసారి మూడో పిలుపు దాకా ఆగను. ఒకసారి ఆగింది చాలు.

ఆఁ... జోగమ్మా. ఇక్కడే ఉన్నా.