పూజలో ఉన్న మూలమట్టం

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు దసరాకి నాకు పిచ్చెక్కినంత పనైంది.

ముసునూరులో ఓ మామిడితోట ఆసామి ఇల్లు కట్టుకుంటూ సింహద్వారం పని మాకిచ్చాడు. నాన్న ఆ ద్వారబంధాన్ని పూర్తిగా నా చేతికి వదిలేశాడు. "మూలలు కుదిరాయా, వచ్చే పని నువ్వే ఒప్పుకో. లేదంటే నా ఎదురుగా కూర్చుని రంపం లాగు," అన్నాడు. పెళ్లయినవాణ్ణి, ఇంకా రంపం లాగడమేంటి!

అష్టమినాటి సాయంత్రం ఆ తోటలోనే చీలలు దిగగొట్టాను. ఈలోగా మసకపడింది. మట్టం పెట్టి చూడకుండానే ఇంటికి వచ్చేశాం. దెబ్బలకి మూల కదిలి ఉంటే? తెల్లారితే నవమి. పనిముట్లన్నీ పూజలో పెట్టాడు నాన్న. ఆ రోజు వాటిని ముట్టుకోకూడదు. తాతనాటి టేకు మూలమట్టం, మూల సరిగ్గా ఉందో లేదో తేల్చగలిగేది అదొక్కటే, ఉలికీ బాడిసెకీ మధ్య పసుపు కుంకాలతో నా కళ్లెదుటే ఉంది. అయినా ఏం లాభం?

"కాలుకాలిన పిల్లిలా ఏంట్రా ఆ తిరుగుడు? కాస్త కూర్చో," అంది అమ్మ. కూర్చుంటే ద్వారబంధమే కళ్లలో మెదిలేది. గారెలు గొంతు దిగలేదు. వీధిలోకి వెళ్లాను, వచ్చాను, మళ్లీ వెళ్లాను.

దశమి పొద్దున ఆసామి, ఆయన చుట్టాలు, పంతులుగారు అందరూ చూస్తుండగా నాన్న మట్టాన్ని ద్వారబంధం లోపలి మూలకి ఆనించాడు. మట్టానికీ చెక్కకీ మధ్య నుంచి వెలుతురు కనబడింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఎంత పని చేశావురా!" అంటూ నాన్న ఉలి అందుకున్నాడు.

"ద్వారం నిలబెట్టే ముహూర్తం దాటిపోతోందండీ," అన్నారు పంతులుగారు.

"ఆగు నాన్నా!" అని ఆయన చేతిలోంచి మట్టం లాక్కున్నాను. తిప్పి చూద్దును కదా, ద్వారబంధానికి ఆనే బయటి అంచున, మూల దగ్గర, పసుపు ముద్ద ఎండి రాయిలా ఉంది. పూజలో నాన్న స్వయంగా పెట్టిందే. గోటితో గీకేసి మళ్లీ ఆనించాను. వెంట్రుక దూరే సందు లేదు.

"పసుపు మరీ ఇంతా మెత్తడం?" అన్నాను, ఉక్రోషం ఆపుకోలేక.

నాన్న ఉలి కింద పెట్టాడు. నా మొహంలోకి చూడలేదు.

"మిగతావాటికి బొట్టే పెట్టాన్రా. మూల కుదరాలని దీనికి మాత్రం ముద్ద పెట్టి దణ్ణం పెట్టుకున్నాను," అన్నాడు.