మేనకోడలి నలుపు

మొన్న ప్రార్థన ముగిసి చర్చి మెట్లు దిగుతుంటే ఒకావిడ నన్నాపి, "మీ మేనకోడలు ఇంకా ఆ నలుపే కడతందా?" అని అడిగింది. కడతంది అన్నాను. ఇంకేదో వింటానని ఆవిడ కాసేపు నిలబడింది గాని, అది మెట్ల మీద చెప్పే సంగతి కాదు.

మా తమ్ముడిది వజ్రపుకొత్తూరు దగ్గర కొబ్బరితోట. మరదలు కిడ్నీ జబ్బుతో పోయేనాటికి వాళ్ల పిల్లకి పదమూడేళ్లు. మా వైపు ఊళ్లలో ఆ జబ్బుతో పోవడం కొత్త కాదు గనక, ఏడుపుకి కూడా మేమొక కొలత పెట్టేసుకున్నాం. నెల తిరక్కుండానే అందరం పిల్లని నవ్వమనడం మొదలుపెట్టాం. నేనైతే మరీను, పూల గౌన్లు కుట్టించి తొడిగేదాన్ని. పాపం, నవ్వేది.

విశాఖలో డిగ్రీ రెండో ఏడు సెలవులకి వచ్చింది. నల్ల గౌను, మోకాళ్లదాకా నల్ల బూట్లు, నల్ల పెదాలు, కళ్ల చుట్టూ భరిణెడు కాటుక. ఆ ఎండలో ఆ బూట్లతో ఇసకలో నడిచొస్తుంటే కాయలు వలిచేవాళ్లు పని ఆపి చూశారు. సంఘంలో కొందరు సాతాను పూజ అని తేల్చేశారు. తమ్ముడైతే పిల్లతో మాట్లాడటమే మానేశాడు. నేనడిగితే, దీన్ని గోత్ అంటారనీ, తనలాంటివాళ్లు విశాఖలో ఇంకో ఏడుగురున్నారనీ, సాయంత్రాలు కూడి దిగులు పాటలు వింటారనీ చెప్పింది. "ఆల దగ్గర నవ్వక్కర్లేదత్తా. అమ్మ గురించి సెప్తే ఇంటారు. మాట మార్సరు."

మాట మార్చేవాళ్లలో మొదటిదాన్ని నేనే.

ఆ ఏడు జీడితోటలు పూతకొచ్చిన రోజుల్లో మరదలి జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నాం. సమాధుల తోటకి ఆ బట్టల్తో రావద్దని తమ్ముడు నాచేత చెప్పించాడు. "ఇవి తీసేసి వత్తే, వచ్చింది నేను కాదత్తా," అంది మెల్లగా. పొద్దున్న పూండి స్టేషన్‌లో ఆ ఏడుగురూ రైలు దిగి, రెండు ఆటోల్లో వచ్చారు. మా తెల్లచీరల వెనక నల్లగా ఒక వరస. ప్రార్థన కాగానే మేమంతా అలవాటుగా భోజనాల వైపు తిరిగాం. వాళ్లు కదల్లేదు. సమాధి చుట్టూ ఇసకలో కూర్చున్నారు.

మా పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. డాక్టర్లు తనని నీళ్లు కొంచెమే, కొలిచి తాగమన్నాక, వాళ్లమ్మ రోజూ దీన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, గ్లాసు నిండా నీళ్లు తాగమని, చివరి గుక్కదాకా చూస్తూ ఉండేదట. ఏడుగురిలో ఎవరూ ఊరుకో అనలేదు, కళ్లు తుడవలేదు. కాటుక కారిపోతుంటే కారనిచ్చి వింటున్నారు. అరవై ఏళ్లుగా ప్రార్థనలకి వెళ్తున్నదాన్ని, పరాయి దుఃఖం దగ్గర మనుషులు అంత నిమ్మళంగా కూర్చోవడం నేనెక్కడా చూడలేదు.

గేటుదాకా వెళ్లిన తమ్ముడు వెనక్కొచ్చి, చెప్పులు విడిచి, వాళ్ల మధ్య కూర్చున్నాడు. "నాకెప్పుడూ సెప్పనేదేటమ్మా," అన్నాడు.

"నువ్వడగనేదు నాన్నా."

అన్నాలు చల్లారిపోయాయి. ఎవరం పిలవలేదు. సాయంత్రం తమ్ముడే స్వయంగా బొండాలు కొట్టి ఒక్కొక్కరి పేరూ అడిగి ఇచ్చాడు. ఆ బూట్లకి మాత్రం వాడింకా అలవాటు పడలేదు.

ఏళ్లు గడిస్తే అన్నీ సర్దుకుంటాయని మేమందరం అనుకున్నాం. ఆ ఏళ్లు గడిపింది మాత్రం ఆ పిల్ల ఒక్కతే.