అడుగు లేని కప్పులు

లిండెల్ బడిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు వంట చేసిన ఓవెల్లా స్టర్జిస్‌కు భయమన్నదే లేదని ఊళ్ళో పేరు. ఒకసారి ప్రిన్సిపాల్‌నే గరిటెతో అదిలించింది. పాపం ఊరికేం తెలుసు! ఆవిడ భయమంతా మిల్లు వెనక దిబ్బ మీదే ఉంది.

ఆవిడకు ఏడేళ్ళప్పుడు అమ్మమ్మ పోయింది. చర్చి పక్కన పూడ్చారు. మర్నాడు అమ్మ, అమ్మమ్మ ఆఖరున కాఫీ తాగిన కప్పు పట్టుకుని పిల్లను ఆ దిబ్బకు తీసుకెళ్ళింది. పోయినవాళ్ళ వెంట ఇంకెవరూ పోకుండా కప్పు అడుగున రాయితో చిల్లి కొట్టి, తాతను పూడ్చిన చోట పెట్టింది. చుట్టూ అలాంటి కప్పులు ఎన్నో.

"మీ తాత డాసన్ టాలివర్. మనవాళ్ళలో ఈ ఊరికి మొదట వచ్చినవాళ్ళంతా ఇక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. వాటిని తగలబెట్టిన తెల్లవాళ్ళు ఇంకా ఊళ్ళోనే ఉన్నారే. అందుకే పేరు మార్చుకుని బతుకుతున్నాం. ఆ పేరు నీ నోట రాకూడదు," అంది. గుర్తుండాలని చెంప మీద ఒకటి ఇచ్చింది కూడా.

అరవై ఏడేళ్ళు రాలేదు.

ఇప్పుడు ఆ దిబ్బ చదును చేసి నీళ్ళ ట్యాంకు కడతారట. కొలతలకు వచ్చినవాడు అక్కడ సమాధుల్లేవు, పగిలిన సామాన్ల చెత్త తప్ప ఏమీ లేదని రాసిచ్చాడు. సోమవారం యంత్రం వస్తుంది. గురువారం మధ్యాహ్నం కౌంటీ ఆఫీసులో మీటింగు పెట్టి, అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. అధ్యక్షుడి కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి ఇంటిపేరు, ఇళ్ళు తగలబెట్టినవాళ్ళవని ఆనాడు అమ్మ గుసగుసగా చెప్పిన పేర్లలో ఒకటి. ఓవెల్లా సంచి తీసుకుంది. ఇంటికి వెళ్ళిపోదామనే లేచింది. లేచేసరికి అందరూ ఆవిడవైపే చూశారు.

"చెప్పండి మిస్ ఓవెల్లా," అన్నాడాయన.

"ఆ కప్పులు తిరగేసి చూశారా బాబూ? ప్రతిదానికీ అడుగున చిల్లి ఉంటుంది. పారేసే కప్పుకి కూర్చుని చిల్లి ఎవడు కొడతాడు?"

అయితే అక్కడున్నది ఎవరో పేరు చెప్పమన్నాడాయన. పేరు లేకపోతే పని ఆపడం కుదరదన్నాడు.

ఓవెల్లా ముందున్న కుర్చీ పట్టుకుంది. అమ్మ కొట్టిన చెంప ఇప్పుడు చుర్రుమన్నట్టయింది.

"డాసన్ టాలివర్. మా తాత."

ఆయన కలం తీసి రాసుకున్నాడు. అలా రాసుకోవడం చూస్తే ఆవిడకు మరీ భయమేసింది. రేపు కిటికీలోంచి ఏం వచ్చి పడుతుందో అనుకుంది.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. రూథెల్ పీపుల్స్ లేచింది. చర్చి పాటల్లో నలభై ఏళ్ళుగా ఓవెల్లా పక్కన నిలబడి పాడుతూ, చిలగడదుంపతో కాల్చే తీపి రొట్టె ఎవరిది బాగుందని అన్నేళ్ళూ పోట్లాడిన మనిషి.

"జూనియా టాలివర్ అని కూడా రాసుకోండి. డాసన్ చెల్లెలు. మా అమ్మమ్మ," అంది. తర్వాత ఓవెల్లావైపు తిరిగి, "చెబితే చంపేస్తారని మా అమ్మ నాతో ఒట్టేయించుకుందే," అంది.

ఓవెల్లా వెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. అదీ తన చేతిలాగే చల్లగా ఉంది.