కంపోజిటర్ హోల్గర్ బుధవారాలు

డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో మా కంప్యూటర్ క్లబ్బు గ్రంథాలయం కింది గదిలో ఉండేది. బుధవారం సాయంత్రాలు మాత్రమే తెరిచేవాళ్లం. ఇరవై మందికి మూడు యంత్రాలు. అందుకని పని తక్కువ, వాదన ఎక్కువ. సందేహం వచ్చినవాళ్లు కాగితం మీద రాసి గోడమీది బోర్డుకు గుచ్చేవాళ్లు. జవాబు తెలిసినవాళ్లు దాని కిందే రాసేవాళ్లు. అది తప్పనేవాళ్లు ఇంకా కింద రాసేవాళ్లు.

1984 శీతకాలం మొదట్లో ఒక పెద్దాయన తడిసిన కోటుతో మెట్లు దిగి వచ్చాడు. టోర్బెన్ తలెత్తి చూశాడు. టోర్బెన్ విశ్వవిద్యాలయంలో నా తరగతివాడే. మా అందరిలో తెలివైనవాడు, నోటి దురుసు కూడా వాడికే ఎక్కువ.

"చదరంగం వాళ్లు పక్క గదిలో, పెద్దాయనా!"

"నాకు చదరంగం రాదు. నలభై ఏళ్లు పత్రికలో అచ్చు అక్షరాలు పేర్చే కంపోజిటర్‌గా చేశాను. పోయిన నెల మీ కంప్యూటరొచ్చి నన్ను ఇంటికి పంపింది. దాని మొహం ఎలా ఉంటుందో చూసి పోదామని వచ్చాను" అన్నాడాయన.

నేను కుర్చీ లాగి వేసి కాఫీ పోశాను. ఆయన పేరు హోల్గర్ బ్యెర్రే.

టోర్బెన్ అప్పుడు ఫుట్‌బాల్ జట్ల పాయింట్లు లెక్కకట్టే ప్రోగ్రాము రాస్తున్నాడు. పోయిన బుధవారం అది ఒక వరుస దగ్గర ఆగిపోయింది. వారమంతా ఆ ప్రోగ్రాము అచ్చుకాగితం పట్టుకు తిరిగినా తప్పు దొరకలేదు. యంత్రం దగ్గర తన వంతు ఇంకా రాలేదు. హోల్గర్ ఆ కాగితం అందుకుని, ప్రెస్సు అలవాటు కొద్దీ తలకిందులుగా తిప్పి, వేలు పెట్టి చదివాడు.

"ఈ సున్నా సున్నా కాదయ్యా."

మా డేనిష్‌లో సున్నాకి అడ్డగీత కొట్టినట్టుండే అక్షరం ఒకటుంది. యంత్రం సున్నాకీ అలాంటి గీతే పెడుతుంది.

"సున్నాకైతే గీత లోపలే ఆగుతుంది. అక్షరానికైతే రెండు పక్కలా బయటికి పొడుచుకొస్తుంది. చూడు."

టోర్బెన్ చెవులు ఎర్రబడ్డాయి. "మీరు ప్రోగ్రామింగ్ ఎక్కడ నేర్చుకున్నారు?"

"నాకు ఒక్క ముక్క రాదు. అర్థం తెలిస్తే చూపు జారిపోతుంది. నేను అర్థం చదవను, అక్షరాలు చదువుతాను."

ఆనాటి నుంచి ఆయన కుర్చీ చుట్టూ కాగితాలతో ఎప్పుడూ నలుగురైదుగురు నిలబడి ఉండేవాళ్లం. రెండు శీతకాలాలు అలా మా తప్పులు పట్టాడు. మూడో ఏడు తనే ఒక కాగితం బోర్డుకు గుచ్చాడు. "వరుసలకు రెండు అంచులూ సమానంగా రావాలంటే, మిగిలిన ఖాళీని మాటల మధ్య ఎలా పంచాలి?" అని చిన్న చిన్న అక్షరాలతో రాసి ఉంది. ప్రెస్సులో ఆయన చేతులతో చేసిన పనే అది. మాటల మధ్య సన్నటి సీసపు ముక్కలు దూర్చి వరుసలు బిగించేవాడు.

"ఇందులో ఏముంది? ఎడమ నుంచి ఒక్కో ఖాళీ పంచుకుంటూ పోవడమే. పావుగంట పని" అన్నాడు టోర్బెన్. అన్నట్టే చేసి చూపించాడు.

హోల్గర్ ఆ పేజీని చేయి చాచి దూరంగా పట్టుకున్నాడు. "ఎడమవైపంతా పురుగు కొట్టేసిన కోటులా ఉంది."

"మరి మీరెలా చేసేవాళ్లు?"

ఆయన సీసపు ముక్కలు దూర్చుతున్నట్టు గాలిలో వేళ్లు కదిపి చూసుకున్నాడు. "చేతికి తెలిసేది. ఎలాగో చెప్పమంటే, ఇప్పుడే ఆలోచిస్తున్నాను."

ఆ ఆలోచన మార్చి దాకా సాగింది. ఖాళీలు ఒక వరుసకి ఎడమ నుంచి, తర్వాతి వరుసకి కుడి నుంచి పంచాలన్నాడు. కామా పక్కన ఖాళీ ఎక్కువైనా కంటికి ఆనదన్నాడు. వరుస చివర పొడుగు మాటలు ఎక్కడ విరగాలన్న దాని మీద టోర్బెన్‌తో పోట్లాడాడు. బోర్డు నిండిపోయి కాగితాలు తలుపు మీదికి పాకాయి. హోల్గరే ఒంటి వేలితో ప్రోగ్రాములో కొన్ని వరుసలు కొట్టాడు.

చివరికి ఒక పేజీ రెండు అంచులూ గీత గీసినట్టు వచ్చింది. ఆయన అంచు వెంట బొటనవేలు జరుపుతూ కూర్చున్నాడు.

"ఏం, బాగాలేదా?" అన్నాడు టోర్బెన్.

"బాగుంది. ఇలాంటిది పేర్చడానికి నాకు సగం పూట పట్టేది. నాకు కోపం రావాలి. ఎందుకో రావడం లేదు."

అని లేచి బయటి మెట్ల మీదికి వెళ్లాడు. ఎవరినీ ఊరికే వదలని టోర్బెన్ కాఫీ కప్పు పట్టుకుని వెనకే వెళ్లి పక్కన నిలబడ్డాడు. కిటికీలోంచి వాళ్ల బూట్లు మాత్రమే కనిపించాయి నాకు.

ఆ ప్రోగ్రాముతోనే ఆరేళ్లు మా క్లబ్బు పత్రిక వెలువడింది. ప్రూఫులన్నీ హోల్గర్ చూశాడు. తర్వాత ఎవరింట్లో వాళ్లకి యంత్రాలు వచ్చేశాయి. 1993లో గ్రంథాలయం గది వెనక్కి తీసుకుంది. ఆ మరుసటేడు హోల్గర్ నిద్రలోనే పోయాడు. ఆయన కూతురు మాకు కబురు చెబితే అంత్యక్రియలకు పదకొండు మందిమి వెళ్లాం.

ఇప్పుడు నా దగ్గర పనిచేసే పిల్లలకి ఏ సందేహమొచ్చినా రెప్పపాటులో జవాబు దొరుకుతుంది. మంచిదే. మేం మాత్రం ఒక్క సందేహాన్ని జేబులో పెట్టుకుని, వానలో, ఎదురుగాలిలో, వారమంతా సైకిలు తొక్కేవాళ్లం.