చాలన్నా వడ్డించే యాప్

మా యాప్‌కి నేను గీసిన మొదటి తెర మీద ‘రండి రండి, ప్రయాణం బాగా జరిగిందా’ అన్నంత పని చేశాను. రాసింది ఇంగ్లీషులోనే గానీ భావం మాత్రం అదే. ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలోనే పట్టుకుని, కాళ్లకు నీళ్లిచ్చి, కుర్చీ వేసి, మంచినీళ్లు తెచ్చి, ఆ తర్వాత గానీ వచ్చిన పనేమిటని అడగని జిల్లాలో పుట్టాను మరి. నా యాప్ ఇంకోలా ఎలా ఉంటుంది?

నా పని వెబ్ యాప్‌లు డిజైన్ చేయడం. డిజైన్ అంటే రంగులు అద్దడమని మా చుట్టాల్లో సగంమంది నమ్మకం. ముగ్గు ఎలా పెట్టాలో నన్నడుగుతారు. కాదండి బాబూ, ఏ తెర తర్వాత ఏది రావాలి, ఎక్కడ ఏమడగాలి, చూసేవాళ్లు ఎక్కడ తికమకపడతారు అన్నది తేల్చడం నా పని. ఆఫీసు రాజమండ్రిలో ఒక బట్టల షాపు పైఅంతస్తులో ఉంది. ఇల్లు నిడదవోలులో. రోజూ రైల్లో వెళ్లి రైల్లో వస్తాను.

అప్పుడు మేం చేస్తున్న యాప్ సంగతి కొంచెం చెప్పాలి. ఎవరైనా ఒక సాఫ్ట్‌వేర్ తయారుచేశారనుకోండి. దాన్ని పై దేశాల కంపెనీలు కొనాలంటే ఆన్‌లైన్‌లో పెద్ద పెద్ద మార్కెట్లు ఉన్నాయి. అక్కడ చోటు సంపాదించి సరుకు పెట్టుకోవాలి. కాకపోతే ఒక్కో మార్కెట్‌ది ఒక్కో గొడవ. ఇక్కడ నెలవారీ చందా అన్నదాన్ని అక్కడ ఇంకేదో పేరుతో పిలుస్తారు. వీళ్లకి బొమ్మ ఒక కొలతలో కావాలి, వాళ్లకి మరో కొలతలో కావాలి. పన్నుల ప్రశ్నలు సరేసరి. సరుకు తయారుచేసిన మనిషి దాన్ని అమ్మకానికి పెట్టలేక నీరసపడి వదిలేస్తాడు. మా యాప్‌కి వివరాలు ఒక్కసారి చెబితే చాలు, ఎవరికి ఏ తీరులో కావాలో ఆ తీరులో మార్చి అన్ని చోట్లకీ పంపిస్తుంది.

పని ఇచ్చింది బెంగళూరు కంపెనీ. వాళ్లు ముందే తేల్చి చెప్పారు. నిజంగా సాఫ్ట్‌వేర్ అమ్ముకునే మనిషి ఒకరు, పక్కనుంచి ఎవరి సాయమూ లేకుండా, వాళ్లందరూ చూస్తుండగా ఈ యాప్‌లో మొదటినుంచి చివరిదాకా పని పూర్తిచేయాలి. చేయగలిగితే డిజైన్ పని రాజమండ్రిలోనే ఉంటుంది. లేకపోతే బెంగళూరుకు తీసుకుపోతారు. ‘మీరు రావాలనుకుంటే సంతోషంగా రావచ్చు’ అని నాకు విడిగా చెప్పారు. ఎంత మర్యాదో!

మా ఆయనది నిడదవోలులో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. తాతగారి నాటిది. దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని తిరగలేం. అమ్మాయి తొమ్మిదో తరగతి. కాబట్టి యాప్ ఆ పరీక్ష తప్పితే నేనొక్కదాన్నే బెంగళూరు వెళ్లి హాస్టల్లో ఉండాలి, లేదా నాకు ప్రాణమైన పని మానుకోవాలి. రెండూ నాకు అక్కర్లేదు.

ఈ మాట ఇంట్లో చెప్పినరోజు మా ఆయన కూర వడ్డిస్తున్నారు. మా ఇంట్లో వడ్డన ఆయన శాఖ. అడగరు, వేసేస్తారు. వద్దంటే ముఖం మాడ్చుకుంటారు. అలాంటి మనిషి నేను చెప్పిందంతా విని, “నీ ఇష్టం. వెళ్లాలనిపిస్తే వెళ్లు. ఇక్కడ మేం చూసుకుంటాం,” అన్నారు.

అమ్మాయి వైపు చూశాను.

“నాక్కూడా పర్లేదమ్మా,” అంది అది, కంచంలోంచి తల ఎత్తకుండా.

నాకు ఒళ్లు మండిపోయింది. వంకాయ ముక్క ఇంకోటి వేసుకోనంటే బతిమాలే మనిషి, పెళ్లాం ఊరు విడిచి వెళ్తుందంటే ఒక్కసారి ‘వద్దు’ అనలేదు. అలిగి ఆ పూట పెరుగన్నం తినకుండా లేచాను. ఎందుకు అలిగానో కూడా ఎవరూ అడగలేదు.

ఆ కోపమంతా పని మీద పెట్టాను. నా తెరలు చూడముచ్చటగా తయారయ్యాయి. అడుగడుగునా ఒక పలకరింపు. ప్రతి జవాబుకూ ఒక మెచ్చుకోలు. ‘ఇది పెట్టారుగా, ఇది కూడా పెట్టుకుంటే బాగుంటుంది’ అని ఒక సలహా. ఆపైన ‘ఖాయమేనా, ఇంకొకసారి చూసుకుంటారా’ అని బుజ్జగింపు. మా బాసు నాకంటే చిన్నవాడు, తణుకులో వర్తకుల కుటుంబం. చూసి మురిసిపోయాడు.

“అచ్చం మనింటికి వచ్చినట్టే ఉందండి,” అన్నాడు.

పరీక్షకు జంగారెడ్డిగూడెంలో భార్యాభర్తలిద్దరు ఒప్పుకున్నారు. పామాయిల్ తోటల్లో పనివాళ్ల హాజరు చూసే సాఫ్ట్‌వేర్ ఇద్దరూ కలిసి తయారుచేశారు. అలాంటి తోటలున్న వేరే దేశాల్లోనూ అమ్ముకోవాలని వాళ్ల ఆశ. బెంగళూరువాళ్ల ముందు కూర్చోబెట్టే ముందు ఒకసారి నేనే వెళ్లి చూసుకుందామని బస్సెక్కాను.

ఇలాంటి పరీక్షలో చూసేవాళ్లు నోరెత్తకూడదు. నాకది శిక్షే. ఆ ఇంటావిడ లాప్‌టాప్ ముందు కూర్చుంది, నేను పక్కన బుద్ధిగా చేతులు కట్టుకున్నాను. యాప్ పలకరించింది. ఆవిడ నవ్వింది. యాప్ తనను తాను పరిచయం చేసుకుంది. ఆవిడ ఓపిగ్గా చదివింది. పేరు పెట్టింది, యాప్ మెచ్చుకుంది. ధర పెట్టబోతే ఎన్ని రకాలుగా పెట్టొచ్చో అన్నీ తెచ్చి ముందు పరిచింది. ఒకటి ఎంచుకుంటే ఇంకోటి కూడా చూడమంది. అప్పుడు ఆవిడ కుడిచెయ్యి లేపి, వేళ్లు దగ్గరగా పెట్టి, తెరకు అడ్డంగా చాచింది.

వెలుతురు పడి తెర కనిపించట్లేదేమో అనుకున్నాను. గబగబా లేచి కిటికీ రెక్క వేసి వచ్చాను, ఎంత తెలివో.

ఇంకొంతసేపు నొక్కి, ఆవిడ లాప్‌టాప్ మెల్లగా మూసింది. “చాలా బాగుందండి. మిగతాది తర్వాత తీరిగ్గా చేసుకుంటాను,” అంది.

చీరల కొట్లో బీరువాల్లో ఉన్నవన్నీ దింపించాక ‘మళ్లీ వస్తామండి’ అనే మాటకు అర్థం నాకు తెలీదా? మా వైపు ఎవరూ ముఖాన బాగాలేదనరు. బెంగళూరు హాస్టల్ గది, ఒంటరి మంచం, అన్నీ కళ్లముందు తిరిగాయి.

“ముందు భోంచేద్దురుగాని రండి,” అంది ఆవిడ.

నిజానికి నాకు ఆకలి లేదు. బల్ల మీద గిన్నెలో గడ్డపెరుగు కనిపించింది. పైన మీగడ పసుపురంగులో ఉంది. రెండు ముద్దలు పెరుగన్నం తింటే చాలనుకుని కూర్చున్నాను. మామిడికాయ పప్పు వచ్చింది. దాని వెనక వేపుడు, గుత్తివంకాయ వచ్చాయి. చాలండి అన్నాను.

“ఏం చాలండి! ఏమీ తిననే లేదు.”

“నిజంగా చాలండి.”

“ఈ కాస్తకే ఏమవుతుందండి? బస్సులో పడి వచ్చారు.”

కంచం మీద చెయ్యి అడ్డం పెట్టాను. నా వేళ్ల సందుల్లోంచి మజ్జిగ పులుసు కంచంలోకి దిగిపోయింది. తీరా పెరుగు వచ్చేసరికి నా పొట్టలో ఆవగింజ పట్టే చోటు లేదు. కూర్చున్నది దేనికోసమో అది తినకుండానే, పులుసు కారుతున్న చెయ్యి వంక చూసుకుంటూ ఉండిపోయాను. అప్పుడు తెలిసింది. ఇందాక ఆవిడ తెరకు అడ్డం పెట్టింది కూడా ఇదే చెయ్యి.

“ఏమనుకోకుండా ఒకటి అడుగుతాను. ఇందాక లాప్‌టాప్ ముందు చెయ్యి చాచారు, ఎందుకండి?” అన్నాను.

ఆవిడ భర్త వైపు చూసి నవ్వేసింది. “మీరు బాధపడరు కదా? నేను ధర రాద్దామని చూస్తుంటే అది పక్కనుంచి ఇంకేదో తెస్తూనే ఉందండి. చాలు తల్లీ అనిపించింది. మా సరుకు అక్కడ ఎలా కనిపిస్తుందో చూడాలని కూర్చున్నాను. అది మాత్రం చూపించనే లేదు.”

తిరుగు బస్సులో భుక్తాయాసంతో, అవమానంతో, పైకి చెప్పుకోలేని సంతోషంతో కూర్చున్నాను. తప్పెక్కడుందో తెలిస్తే సగం భయం పోతుంది. మిగతా సగం అలాగే ఉండిపోయింది. బెంగళూరువాళ్ల పరీక్ష దగ్గరపడుతోంది.

ఆఫీసులో నా తెరలన్నీ ఒక్కొక్కటీ పీకేశాను. పలకరింపు తీసేశాను. మెచ్చుకోళ్లు తీసేశాను. అవి రాసిన రోజుల్లో ఎంత ముద్దొచ్చాయో గుర్తొచ్చి, ఒక్కొక్కటీ ఇంకోసారి చదువుకుని మరీ చెరిపాను. ఇప్పుడు మొదటి తెరలో ఎడమవైపు తప్పనిసరి ప్రశ్నలు మాత్రం ఉన్నాయి. కుడివైపు, సరుకు పేరు రాస్తుంటే రాస్తున్నట్టే, కొనేవాళ్లకు మార్కెట్లో ఆ సరుకు ఎలా కనిపిస్తుందో అలా బొమ్మ తయారవుతూ ఉంటుంది. మిగతా సలహాలన్నీ ఒక చిన్న గుర్తు వెనక దాచాను. నొక్కితే వస్తాయి. నొక్కకపోతే నోరు మూసుకుని ఉంటాయి.

మా బాసు దిగులుగా చూశాడు. “మర్యాదంతా తీసేశారేంటండి?”

“మర్యాద ఎక్కడికీ పోలేదు. ముందు పెరుగు వేస్తున్నాను,” అన్నాను. అర్థంకాక తల గోక్కున్నాడు. జంగారెడ్డిగూడెం భోజనం సంగతి చెప్పాక పడీపడీ నవ్వాడు.

పరీక్ష ఒక ఉదయంపూట జరిగింది. జంగారెడ్డిగూడెంలో ఆవిడ తన ఇంట్లో కూర్చుంది. వీడియో కాల్‌లో ఆవిడ తెర మాకు కనిపిస్తోంది. బెంగళూరువాళ్లు గళ్లుగళ్లుగా ముఖాలు పెట్టుకుని చూస్తున్నారు. మా మైకు ఆపేసి ఉంది. ఆవిడ పేరు రాసింది, బొమ్మ పెట్టింది. కుడివైపు తన సరుకు రూపు కట్టడం చూసి “అరె!” అనుకుంది పైకే. ధర పెట్టింది. పన్నుల ప్రశ్న దగ్గర ఆగిపోయింది.

ఆగిందంటే ఆగింది. బాణం గుర్తు తెర మధ్యలో కదలకుండా నిలబడిపోయింది. ఆ పక్కన చిన్న గుర్తుందండీ, నొక్కండీ అని అరవాలనిపించింది. నా చెయ్యి మైకు బటన్ వైపు దానంతటదే వెళ్తుంటే మా బాసు మౌస్ మీద తన చెయ్యి అడ్డం పెట్టి కూర్చున్నాడు. బెంగళూరులో ఎవరో ఏదో రాసుకుంటున్నారు. అయిపోయింది, ఇంక హాస్టలే అనుకున్నాను.

బాణం కదిలింది. చిన్న గుర్తు మీదకు వెళ్లింది. సలహా తెరుచుకుంది, ఆవిడ చదివింది, మూసింది, జవాబు రాసింది. చివరి బటన్ నొక్కింది. సరుకు మార్కెట్లన్నిటికీ వెళ్లిందని తెర చెప్పింది.

“అయిపోయిందా అండి? ఇంకేం అడగదా?” అంది ఆవిడ, నమ్మలేనట్టు.

బెంగళూరులో పెద్దావిడ ఒకరు కళ్లజోడు తీసి, పని అక్కడే ఉండనివ్వండి, మిగతా భాగాలు కూడా వీళ్లనే చేయమనండి అన్నారు. మిగిలిన మాటలేవీ నాకు వినపడలేదు. మెట్ల మీదకు వెళ్లి కూర్చుని హాయిగా ఏడ్చాను. మా బాసు కిందకు వెళ్లి అందరికీ రోజ్‌మిల్క్ తెప్పించాడు. చల్లగా గొంతు దిగుతుంటే, ఇన్నాళ్లూ నేను సరిగ్గా ఊపిరే తీసుకోలేదని తెలిసింది. సాయంత్రం రైల్లో గోదావరి దాటుతుంటే కిటికీ పక్క సీటు కోసం ఎవరితోనూ పోట్లాడలేదు. రేపు కూడా చూస్తానుగా.

స్టేషన్‌నుంచి నేరుగా షాపుకే వెళ్లాను. మా ఆయన ఎవరికో వైరు కొలుస్తున్నారు.

“వెళ్లక్కర్లేదండి. పని ఇక్కడే ఉంటుంది,” అన్నాను మెట్ల మీదనుంచే.

ఆయన తల ఊపారు. “మంచిది,” అన్నారు. తర్వాత కొలత మర్చిపోయి వైరు మళ్లీ మొదటినుంచి కొలవడం మొదలుపెట్టారు. అదీ తప్పింది. కొనుక్కోవడానికి వచ్చినాయన తనే కొలుచుకున్నాడు.

భోజనాల దగ్గర అమ్మాయి ఆగలేకపోయింది. “అమ్మయ్య! నీకు తెలుసామ్మా, నువ్వు వెళ్లొద్దని ఆరోజే చెబుదామనుకున్నాను. నాన్నే చెప్పొద్దన్నారు.”

నేను ఆయన వైపు తిరిగాను. “ఒక్కమాట అనొచ్చుగా? కూర వేసుకోమని అంత బతిమాలతారు, ఉండమని ఒక్కసారి అనలేకపోయారా?”

ఆయన పప్పు గిన్నె కేసి చూస్తూ అన్నారు. “అంటే నువ్వు ఆగిపోయేదానివి. ఆ పనంటే నీకు ఎంతిష్టమో నాకు తెలుసు. అందుకే నోరు కట్టుకున్నాను. ఎంత కష్టమైందో నీకేం తెలుసు!”

ఆయన గరిటెతో అన్నం తీసి, ఎన్నడూ లేనిది, కంచం దాకా తెచ్చి ఆగారు.

“వెయ్యనా?” అని అడిగారు.

కంచం ముందుకు జరిపాను.