మనుషులు లేని ఊరి బిషప్

పోయిన ఆదివారం ప్రొద్దుటూరు చర్చిలో పూజ ముగిశాక, ఎక్కడికో కొత్తగా సహాయ బిషప్‌ను నియమించారని స్వాములవారు చదివారు. ఆయన పేరు వెంట రోమన్ల కాలం నాటి ఊరి పేరొకటి ఉంది. అది వినగానే అక్క గుర్తొచ్చింది. అక్క పోయి ఇంకా రెండు నెలలు కాలేదు.

చిన్నతనంలో మేము మైలవరం దగ్గర ఉండేవాళ్లం. ఒక ఏడు మాకు భద్రమైన అభ్యంగనం, అంటే జ్ఞానస్నానం పొందిన పిల్లలను విశ్వాసంలో స్థిరపరిచే సంస్కారం, ఇవ్వడానికి అలాంటి సహాయ బిషప్పే ఒకరు వస్తున్నారని మాకు జపాలు నేర్పే ఉపదేశి చెప్పాడు. సొంత మేత్రాసనం, అంటే తన ఏలుబడిలో ఒక ప్రాంతం, లేని బిషప్‌కు రోమ్ వాళ్లు ఒకప్పటి ఊరిని పేరుకు అప్పగిస్తారట. ఈయన ఊరు ఆఫ్రికాలో ఇసుక కింద పూడిపోయిందట, అక్కడ మనిషన్నవాడే లేడట. అంత చెప్పి ఆయన మాచేత జపాలు ఒప్పజెప్పించుకోవడంలో పడ్డాడు. మనుషులే లేకపోతే ఆయన ఎవరికి బిషప్ అని నేను దారిలో అక్కను అడిగాను.

ఆ రోజుల్లో బిషప్ నుదుట తైలం పూసి, విశ్వాసం కోసం కష్టాలు ఓర్చుకోవాలన్న గుర్తుగా చెంప మీద మెల్లగా తట్టేవారు. అక్కకు అది అంతకుముందే, వేరే బిషప్ చేతుల మీద అయిపోయింది.

"ఆ ఊరికి జనం కావల్ల గదే. ఆయప్ప ఎవురి చెంప మీద కొడితే వాళ్లు ఆ ఊరోళ్లయిపోతారు," అంది.

తమాషాకే అంది. నాకు అన్నం సహించలేదు. కళ్లు మూస్తే నోట్లోకి ఇసుక వస్తున్నట్టుండేది. అబద్ధం చెప్పినానని అక్క ఒట్టు పెట్టుకున్నా నమ్మలేదు.

అభ్యంగనం రోజు వరుసలో నిలబడ్డాను. ముందున్న పిల్ల చెంప మీద చెయ్యి పడిన చప్పుడు విని వెనక్కి తిరిగితే, ముసుగేసుకుని అక్క నిలబడి ఉంది. ఉపదేశి గుర్తుపట్టి ఆపాడు.

"నీకు అయిపోయింది గదా, మళ్లా యాడికి?"

"ఇది ఒక్కతే పోతాందప్పా ఆ ఊరికి. తోడు పోతాండా."

ఆయనకేమీ అర్థం కాలేదు. అభ్యంగనం జన్మకు ఒకసారేనని కసిరి పక్కకు లాగాడు. బిషప్ గారి చెయ్యి నా చెంపకు తగిలినప్పుడు నేను అక్కనే చూస్తున్నాను. అక్క ఏడుస్తోంది.

ఇప్పుడు చెంప మీద తట్టడం మానేశారు. పిల్లలు నవ్వుతూ వెళ్లి ఫొటోలు దిగి వస్తారు, మంచిదే. మా కాలంలో భయం ఎక్కువ, దాన్ని పంచుకునే మనిషీ పక్కనే ఉండేది. అక్కను మట్టిలోకి దించుతుంటే నేను గుంత అంచున ఊరికే నిలబడ్డాను. అక్క ఒక్కతే పోయింది.