నిన్నటి ధర నిద్ర చేయని బోర్డు

ఆ రోజుల్లో మూడు నెలల కంప్యూటర్ కోర్సు చేసినవాళ్ళకి ఉన్నంత ధైర్యం ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేసినవాళ్ళకి కూడా ఉండేది కాదు. నాకా ధైర్యం చీరాలలో ఒక మేడ మీది ఇన్‌స్టిట్యూట్‌లో వచ్చింది. అక్కడ ఒక్కో కంప్యూటర్ ముందు ముగ్గురం కూర్చుని వంతులవారీగా మౌస్ పట్టుకునేవాళ్ళం. మా ఇంట్లో అందరూ టీచర్లే. నాన్న చర్చి వాళ్ళ స్కూల్లో లెక్కల మాష్టారు, అమ్మ అదే స్కూల్లో రెండో తరగతి టీచరు, ఇద్దరు మేనత్తలూ అంతే (మా ఇంట్లో భోజనాల దగ్గర అల్లరి చేస్తే గోడ వైపు తిప్పి నిలబెట్టేవారు). నన్నూ బీఈడీ చేయించాలని నాన్న పట్టుదల. వెబ్‌సైట్లు తయారు చేసి బతుకుతానని నా మొండితనం. వారం రోజులు వాదించుకున్నాక నాన్న పరీక్ష పేపర్ ఇచ్చినట్టు తేల్చేశారు. "క్రిస్మస్ లోపల నీ వెబ్‌సైటు చూసి ఒక్కళ్ళు సరుకు కొన్నా నీ ఇష్టం వచ్చింది చేసుకో. కొనలేదా, బీఈడీ ఎంట్రెన్స్‌కి కూర్చోవాలి. ఇక దీని మీద మాట ఉండకూడదు."

నేను వెంటనే ఒప్పేసుకున్నాను, ఎందుకంటే నా దగ్గర అప్పటికే ఒక పార్టీ ఉంది. వేటపాలెంలో మా పెద్దనాన్నది చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. ఆయన ఎక్కడో సెకండ్ హ్యాండ్‌లో ఒక కంప్యూటర్ కొన్నారు, పెద్దమ్మ దానికి పాత కర్టెన్‌తో కుచ్చుల ముసుగు కుట్టింది, ఇద్దరూ దాన్ని రోజూ తుడిచి గౌరవంగా చూసుకుంటున్నారు. (ఇంటర్నెట్ పెడితే ఫోన్ పనిచేయదు, ఫోన్ కావాలంటే ఇంటర్నెట్ తీసేయాలి. రెండూ ఒకే తీగ మీద బతికేవి.) "కంటెంట్ మేనేజ్‌మెంట్ సిస్టమ్" అనే మాటని తడబడకుండా చెప్పగలగడం అప్పట్లో నాకున్న పెద్ద ఆస్తి. అదేమిటో పెద్దనాన్నకి వివరించాను. సైటు ఒకసారి నేను తయారు చేసిస్తే చాలు, ఆ తర్వాత ఎవరైనా పాస్‌వర్డ్ కొట్టి లోపలికి వెళ్ళి ధరలు మార్చుకోవచ్చు, ప్రతిదానికీ నన్ను పిలవక్కర్లేదు అన్నాను.

"అంటే మన గేటు దగ్గర బోర్డు లాంటిదేగామ్మా."

"అచ్చం బోర్డు లాంటిదే పెద్దనాన్నా."

"అయితే మన బోర్డు సాయిబు గారికి నేర్పించు. ఇంకెవరూ వద్దు."

బోర్డు సాయిబు గారంటే ఆ ఫ్యాక్టరీ గుమాస్తా. మా పెద్దనాన్న వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ ఉన్న మనిషి. రోజూ పొద్దున్నే గేటు పక్కనున్న నల్లబోర్డు మీద గుండుపప్పు ఇంత, బద్ద ఇంత, ముక్క ఇంత అని ఆ రోజు ధరలు రాసేవారు. ఆయన అక్షరాలు ఎంత గుండ్రంగా ఉండేవంటే, పప్పు కొనే పని లేనివాళ్ళు కూడా సైకిల్ ఆపి చదివి వెళ్ళేవారు. అరవై దాటిన మనిషికి కంప్యూటర్ ఎలా ఎక్కుతుందా అని నేను జాలిపడ్డాను. ఆయన వారంలో నేర్చేసుకున్నారు. తెలుగు కొట్టడం అప్పట్లో మా కంప్యూటర్‌కి చేతకాదు కాబట్టి, ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాయడం మొదలుపెట్టారు. ధరల కింద రోజూ ఒక ముక్క అదనంగా ఉండేది. "ఈ రోజు ఎండ బాగుంది, గింజ బాగా ఆరింది." "నిన్న ముసురు, ఈ రోజు గుండు తక్కువ, బద్ద తీసుకోండి." నేను చూసి నవ్వుకుని వదిలేశాను, ఎందుకంటే నా దృష్టంతా పేజీ అడుగున ఉండేది. అక్కడ ఎర్ర అక్షరాల్లో, ఇటు నుంచి అటు పరిగెడుతూ, "ఈ సైటు రూపశిల్పి" అని నా పేరు. ధరల కన్నా నా పేరే రెండింతలు పెద్దది.

అక్టోబరు పోయింది, నవంబరు పోతోంది, ఒక్క ఆర్డర్ లేదు. రోజూ పొద్దున నెట్ సెంటర్‌కి వెళ్ళి చూసేదాన్ని, సైటు నిక్షేపంగా ఉండేది. నాన్న రోజూ బీఈడీ పుస్తకం నా కంచం పక్కన పెట్టేవారు. ఒకరోజు సాయంత్రం నా గొప్ప చూపించుకుందామని ఒక స్నేహితురాల్ని నెట్ సెంటర్‌కి లాక్కెళ్ళాను. అడ్రస్ కొట్టాను. తెల్లటి పేజీ వచ్చింది. ధరల్లేవు, ఎండ లేదు, గింజ లేదు, నా పేరూ లేదు.

"బాగుందే," అంది అది. "శుభ్రంగా ఉంది."

మర్నాడు మొదటి బస్సుకే వేటపాలెంలో దిగాను. సాయిబు గారిని నిలదీస్తే దాపరికం లేకుండా చెప్పారు. "రోజూ సాయంత్రం చెరిపేసే వెళ్తున్నానండి. నిన్నటి ధర బోర్డు మీద నిద్ర చేయకూడదు. ఒకప్పుడు చెరపడం మర్చిపోతే, తెల్లారి ఆ ధరకే ఇమ్మని ఒకాయన గేటు ముందు కూర్చున్నాడు. అప్పుడు పెద్దయ్యగారు పెట్టిన రూలండి ఇది. మీరే అన్నారుగా, అచ్చం బోర్డు లాంటిదేనని."

పొద్దున్నే మళ్ళీ మొత్తం, మొదటి అక్షరం నుంచీ, కొట్టుకునేవారట. నా పేరుతో సహా. పరిగెత్తించడం కూడా నేర్చుకున్నారట. అది విని కరిగిపోవాల్సిందాన్ని. కానీ రెండు నెలలుగా ప్రతి సాయంత్రం నా పేరు చెరిపేశారన్న మంట తప్ప నాకింకేమీ తెలియలేదు. పప్పు ఒలిచే ఆడవాళ్ళంతా చూస్తుండగా, మీ వల్లే నా బతుకు బీఈడీ పాలవుతోందని ఆయన మీద అరిచాను. ఆయన పాస్‌వర్డ్‌తో ఇక చూడటమే తప్ప మార్చడం కుదరకుండా చేసి, ధరలు నేనే కొట్టి, వచ్చేశాను. ఆయన సుద్దముక్క తీసుకుని గేటు దగ్గరికి వెళ్ళారు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక పెద్దనాన్న ఇంటికి వెళ్ళాను. ఫోన్ మోగింది. పెద్దనాన్న కాసేపు విని, "సైటు గురించంట" అని నాకిచ్చారు. బెంగుళూరులో స్వీట్ల దుకాణం నడిపే మన వైపు ఆయన.

"నాలుగు రోజుల్నుంచీ రాయట్లేదేంటమ్మా? అదే ధర ఉంది, ఎండ సంగతి లేదు. ఆ రాసే ఆయన ఒంట్లో బాగానే ఉందా?"

బాగానే ఉన్నారండి అన్నాను.

"చాలా సైట్లు చూశాలే. ఎప్పుడో పెట్టిన ధర అట్టాగే పడుంటది, ఫోన్ చేస్తే ఇంకోటి చెప్తారు. మీది సాయంత్రానికి చెరిపేసి పొద్దున్నే కొత్తగా రాస్తారు. సరుకు పక్కన నిలబడ్డ మనిషే రాస్తన్నాడని నమ్మకం కుదిరింది. కొత్త సంవత్సరానికి ఇరవై డబ్బాలు కావాలి. రేపు ఆయన రాసింది చూసి చెప్తా."

సాయిబు గారి ఇల్లు రెండు వీధుల అవతల. ఆ రెండు వీధులూ నేను నడిచినంత మెల్లగా ఎవరూ నడిచి ఉండరు. అరుగు మీద కూర్చుని ఉన్నారు. తప్పు నాదేనని చెప్పాను, రేపట్నుంచీ మళ్ళీ మీరే రాయాలని అడిగాను.

"మరి సాయంత్రం?"

"చెరిపేయండి."

"మీ పేరు కూడా పోద్ది కదండీ."

"పోనివ్వండి సాయిబు గారూ."

ఆయన నవ్వారు. సోమవారం పొద్దున పది గంటలకల్లా ఇరవై డబ్బాల ఆర్డర్ వచ్చింది. నాన్న మాట తప్పే మనిషి కాదు, ఆ సాయంత్రమే పుస్తకం తీసుకెళ్ళి మేనత్త కూతురికిచ్చేశారు. ఆ రోజు నేను పడిన గర్వం తర్వాత ఎంత పెద్ద కంపెనీకి పని చేసినా పడలేదు, దాన్ని దాచుకోవడం కూడా నాకు రాదు. ఇప్పుడు గుంటూరులో చిన్న వ్యాపారాల వాళ్ళని కూర్చోబెట్టి సైట్లు ఎలా చూసుకోవాలో నేర్పుతుంటాను. (బీఈడీ లేకుండానే టీచరైందని నాన్న కనిపించిన ప్రతి బంధువుకీ చెప్పారు.) అందరికీ మొదటి పాఠం ఒకటే: నిన్నటి ధర నిద్ర చేయకూడదు.

కొన్నేళ్ళకి చూపు మందగించి సాయిబు గారు పని మానేశారు. పనిలో ఆయన చివరి రోజు సాయంత్రం అలవాటుగా సైటు తెరిచాను. ధరలు చెరిపేశారు. ఎండ, గింజ, అన్నీ చెరిపేశారు. పేజీ అడుగున ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్క తెలుగు లైను మాత్రం వదిలేసి వెళ్ళారు: "ఈ బోర్డు పెట్టింది మా అమ్మాయి గారు."

అది చూసి చాలాసేపు ఏడ్చాను. ఎర్ర అక్షరాలు పరిగెత్తించిన ఆనాటి పిల్లకి ఆ లైను చూపించాలని ఇప్పటికీ అనిపిస్తుంది. చూపిస్తే మాత్రం, అందులో తన పేరు లేదని ముందు అలిగి కూర్చుంటుంది.